లినక్స్‌కు గ్రాఫిక్స్ కార్డు: వేగం కన్నా ముందు చూడాల్సింది డ్రైవర్‌నే

2016 జూన్ 29న ఏఎమ్‌డీ ర్యాడీన్ ఆర్‌ఎక్స్ 480 కార్డును విడుదల చేసింది. మూడు వారాలు తిరక్కుండానే, జులై 19న, ఎన్విడియా దానికి పోటీగా జీఫోర్స్ జీటీఎక్స్ 1060ని దించింది. రెండూ మధ్య తరగతి కొనుగోలుదారుల కోసం తెచ్చినవే. ధరలోనూ వేగంలోనూ పెద్ద తేడా లేదు. అప్పట్లో ఏది కొనాలన్న వాదనంతా సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయన్న లెక్క చుట్టూనే తిరిగింది.

దాదాపు పదేళ్లకు, 2025 డిసెంబరులో, ఎన్విడియా 590 వరుస లినక్స్ డ్రైవర్ వచ్చింది. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాల కార్డులను అందులోంచి తీసేశారు. జీటీఎక్స్ 1060 పాస్కల్ తరానిదే. ఆర్చ్ లినక్స్ అనే డిస్ట్రో (లినక్స్‌ను అన్ని ప్రోగ్రాములతో కలిపి అందించే కూర్పు) నిర్వాహకులు అదే నెలలో తమ వాడుకరులను హెచ్చరించాల్సి వచ్చింది: పాత కార్డు ఉన్న యంత్రాన్ని మామూలుగా అప్‌డేట్ చేస్తే డ్రైవర్ లోడు కాదు, డెస్క్‌టాప్ రాకపోవచ్చు, కాబట్టి 580 వరుస డ్రైవర్‌ను విడిగా తెచ్చుకుని వేసుకోండి అని. ఆర్‌ఎక్స్ 480 ఉన్నవాళ్లకు ఇలాంటి హెచ్చరికేదీ అవసరం పడలేదు. వాళ్ల డ్రైవర్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌తో పాటే వస్తుంది, కెర్నల్‌తో పాటే కొత్తదవుతుంది. విడిగా వేసుకోవాల్సింది ఏమీ లేదు.

చిప్పుల్లో ఏది గొప్పదన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు. డ్రైవర్ కోడు ఎవరి చేతుల్లో ఉంది, దాన్ని ఆపేసే అధికారం ఎవరికుంది అన్న ప్రశ్నే రెండు కార్డుల భవిష్యత్తునూ తేల్చేసింది. లినక్స్ డెస్క్‌టాప్‌కు కార్డు ఎంచుకునేవారు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. వేగాన్ని కొలిచే బెంచ్‌మార్కులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క కెర్నల్‌లో ఉంటుంది. కార్డును మేల్కొలపడం, దాని మెమరీని ప్రోగ్రాములకు పంచడం, మానిటర్‌కు ఏ రిజల్యూషన్‌లో బొమ్మ పంపాలో చూడటం దాని పని. రెండోది కెర్నల్ బయట ఉంటుంది. ఆటలూ బ్రౌజర్లూ ఓపెన్‌జీఎల్, వల్కన్ భాషల్లో అడిగేదాన్ని కార్డుకు అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులకు ఈ పని చేసేది మెసా. బ్రయన్ పాల్ 1993లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. మూడోది ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపలి చిన్న ప్రాసెసర్లలోకి ఎక్కించే బైనరీ ఫైళ్లు. ఈ మూడో ముక్క మాత్రం ఏ కంపెనీదైనా మూసిపెట్టే ఉంటుంది, అంటే దాని కోడు బయటివాళ్లకు కనిపించదు. ఏఎమ్‌డీ కార్డు కొంటే అంతా తెరిచిన కోడే అనుకోవడం పొరపాటు.

కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్‌కూ, బయట నుంచి వచ్చి అతుక్కునే డ్రైవర్‌కూ చాలా తేడా ఉంది. లినక్స్ కెర్నల్ తన లోపలి ఇంటర్‌ఫేసులు ఎప్పటికీ ఒకేలా ఉంటాయని ఎవరికీ మాట ఇవ్వదు. వాటిని మార్చినవాళ్లే, కెర్నల్ చెట్టులో (కెర్నల్ కోడంతా ఒక్కచోట ఉండే నిల్వలో) ఉన్న ప్రతి డ్రైవర్‌నూ ఆ మార్పుకు తగ్గట్టు సరిదిద్దాలి. అందుకే లోపల ఉన్న పాత డ్రైవర్ కూడా బతికి ఉంటుంది. బయట ఉన్న డ్రైవర్‌కు ఆ వసతి లేదు. ప్రతి కొత్త కెర్నల్ వెంటా అది పరుగెత్తాల్సిందే, దాన్ని పరుగెత్తించాల్సింది దాని యజమానే. యజమాని ఆగిపోతే డ్రైవర్ కూడా అక్కడితో ఆగిపోతుంది. 2002 నాటి ర్యాడీన్ 9700 కోసం రాసిన ఆర్300 డ్రైవర్ ఇంకా మెసాలో ఉందంటే కారణం ఇదే. ఆ కార్డుతో ఈ రోజుల్లో ఎవరూ ఆటలు ఆడకపోవచ్చు. అయినా దాన్ని పనిగట్టుకుని తీసెయ్యాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు.

ఏఎమ్‌డీ ఇక్కడికి ఒక్కరోజులో రాలేదు. 2006లో ఏటీఐని కొన్నప్పుడు దాని వెంట వచ్చిన ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్ అనే మూసిన డ్రైవర్ లినక్స్ వాడుకరులను ఏళ్ల తరబడి ఏడిపించింది. 2007లో కంపెనీ తన చిప్పుల పత్రాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. 2015లో లినక్స్ 4.2తో ఏఎమ్‌డీజీపీయూ అనే కొత్త డ్రైవర్ కెర్నల్‌లో చేరింది. ఆ మరుసటి ఏడాది ఏఎమ్‌డీ కార్డుల కోసం మెసాలో ఒక వల్కన్ డ్రైవర్ పుట్టింది. దాని పేరు ర్యాడ్‌వీ. దాన్ని రాసింది ఏఎమ్‌డీ ఉద్యోగులు కాదు. డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హూయిజెన్ అనే ఇద్దరు ఏఎమ్‌డీ తన డ్రైవర్ ఇచ్చేదాకా ఆగలేక మొదలుపెట్టారు. తర్వాత స్టీమ్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ దాని మీద జీతాలిచ్చి మనుషులను పెట్టింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన వాల్వ్ వారి చేతిలో పట్టే గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్‌లో ఏఎమ్‌డీ చిప్పు ఉంది, దాని ఆటలన్నీ ఈ ర్యాడ్‌వీ మీదే నడుస్తాయి. ఏఎమ్‌డీ సొంతంగా తెరిచి ఇచ్చిన ఏఎమ్‌డీవీఎల్‌కే అనే వల్కన్ డ్రైవర్ చివరికి వెనకబడింది. 2025లో కంపెనీ దాన్ని ఆపేసి, ఇక ర్యాడ్‌వీకే మద్దతిస్తానని ప్రకటించింది. కంపెనీ రాసిన డ్రైవర్ పోయి, బయటివాళ్లు రాసిన డ్రైవర్ నిలబడటం గ్రాఫిక్స్ రంగంలో అరుదు. కొనేవారికి ఇంతకన్నా గట్టి భరోసా ఇంకోటి లేదు. రేపు ఏఎమ్‌డీ మనసు మార్చుకున్నా ఈ కోడు ఎక్కడికీ పోదు.

ఎన్విడియా కథ ఇంకో దారిలో నడిచింది. దాని మూసిన డ్రైవర్ నాణ్యత తక్కువదేమీ కాదు. చాలా ఏళ్లపాటు లినక్స్‌లో వేగంగా 3డీ కావాలంటే అదొక్కటే దిక్కు. చిక్కల్లా దానికి ప్రత్యామ్నాయం లేకుండా పోవడంలో ఉంది. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చిప్పు ప్రవర్తనను పరిశీలించి రాసుకున్న నువో డ్రైవర్ ఒకటుంది. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970, 980 కార్డుల నుంచి ఎన్విడియా ఒక నియమం తెచ్చింది. తన సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ ఉంటేనే కార్డు గడియార వేగం (క్లాక్ స్పీడ్) మారుతుంది. ఆ పని చేసే ఫర్మ్‌వేర్‌ను నువోకు ఇవ్వలేదు. దాంతో ఆ తరాల కార్డులు నువో కింద బూటైనప్పుడు ఉన్న తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. జీటీఎక్స్ 1060 ఉన్నవాళ్లు 590 డ్రైవర్ దూరమయ్యాక నువోకు మారిపోదామన్నా కుదరనిది ఇందుకే. డెస్క్‌టాప్ వస్తుంది, వీడియో నడుస్తుంది, కార్డు సత్తా మాత్రం దక్కదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాను బండబూతు తిట్టడం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి.

తర్వాత పరిస్థితి మెరుగుపడింది, ఆ మాట కూడా చెప్పాలి. 2018లో మొదలైన ట్యూరింగ్ తరం నుంచి ఎన్విడియా కార్డుల్లో జీఎస్‌పీ అనే ప్రాసెసర్ ఉంది. అంతకుముందు డ్రైవర్ చేసే పనుల్లో చాలావాటిని కార్డు లోపలి ఫర్మ్‌వేర్‌లోకి మార్చేశారు. దాంతో దాచాల్సిన రహస్యాలు కెర్నల్ ముక్కలో పెద్దగా మిగల్లేదు. 2022 మేలో ఎన్విడియా ఆ కెర్నల్ ముక్క కోడును బయటపెట్టింది. బ్లాక్‌వెల్ తరం ఆర్‌టీఎక్స్ 50 కార్డులైతే ఈ తెరిచిన కెర్నల్ మాడ్యూల్‌తోనే (కెర్నల్‌కు అతికే డ్రైవర్ ముక్కతోనే) పనిచేస్తాయి, పాతదానితో పనిచేయవు. దీన్ని చూసి ఎన్విడియా డ్రైవర్ మొత్తం ఓపెన్ సోర్సు అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఓపెన్‌జీఎల్, వల్కన్, క్యూడా (CUDA, కార్డు మీద లెక్కలు నడిపే ఎన్విడియా పద్ధతి) చూసుకునే పెద్ద ముక్క ఇంకా మూసే ఉంది. తెరిచిన మాడ్యూల్ కూడా కెర్నల్ చెట్టు బయటే ఉంది. అయితే అదే జీఎస్‌పీ ఫర్మ్‌వేర్‌ను 2024 జనవరి నాటి లినక్స్ 6.7 నుంచి నువో కూడా వాడుకోగలుగుతోంది. మెసాలో ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ ఎదుగుతోంది. రస్ట్ భాషలో రాస్తున్న నోవా అనే కొత్త కెర్నల్ డ్రైవర్ 6.15లో తొలి అడుగు వేసింది. ఇవేవీ ఎన్విడియా సొంత డ్రైవర్‌తో వేగంలో పోటీపడే స్థితికి ఇంకా రాలేదు. కానీ ట్యూరింగ్, ఆపై తరాల కార్డులను రేపు ఎన్విడియా వదిలేసినా పాస్కల్‌కు పట్టిన గతి వాటికి పట్టదు. సెకండ్ హ్యాండ్‌లో ఎన్విడియా కార్డే కొనాల్సి వస్తే జీటీఎక్స్ 16 వరుస కన్నా కిందికి దిగకూడదన్న మాటకు ఇదే ఆధారం.

చెట్టు బయట డ్రైవర్ ఉంటే రోజువారీ వాడకంలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఎన్విడియా మాడ్యూల్ ఆ కొత్త కెర్నల్ కోసం మళ్లీ తయారవ్వాలి. డెబియన్ డిస్ట్రోలో డీకేఎమ్‌ఎస్, ఫెడోరా డిస్ట్రోలో ఏకేమోడ్స్ అనే పనిముట్లు ఆ పని చేస్తాయి. ఫెడోరాలో అప్‌డేట్ అయిన వెంటనే రీబూట్ కొడితే, వెనక జరుగుతున్న కంపైలింగ్ మధ్యలో తెగిపోయే అవకాశముంది. ఒకట్రెండు నిమిషాలు ఆగమని అందుకే చెబుతారు. ఇక నమ్మిన సంతకం ఉన్న కోడునే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సొంతంగా తయారైన మాడ్యూల్‌ను కెర్నల్ నమ్మదు. దానికి ఒక తాళంచెవి చేసి, ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ అడుగుతారు. రీబూట్ కాగానే నీలం రంగు తెర ఒకటి కొద్ది సెకన్లపాటు కనిపిస్తుంది. ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ ఎమ్‌ఓకే అన్నది ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర ఎందుకొచ్చిందో తెలియక వదిలేసినవాళ్లకు సిస్టమ్ బూటవుతుంది గానీ మాడ్యూల్ లోడు కాదు. కిటికీలు నత్తనడక నడుస్తాయి, ఫ్యాన్ గోల చేస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో సిస్టమ్ వివరాలు తెరిచి గ్రాఫిక్స్ అన్న వరుస చూస్తే విషయం బయటపడుతుంది. అక్కడ కార్డు పేరుకు బదులు ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే బొమ్మలన్నీ సీపీయూ ఒక్కటే గీస్తోందని అర్థం. కార్డు పాడైందని షాపుకు పట్టుకెళ్లేముందు ఈ ఒక్క వరుస చూసుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది.

ఉబుంటు ఈ బాధను చాలావరకు తగ్గించింది. అదనపు డ్రైవర్ల ప్యానెల్ నుంచి వేసుకుంటే, ముందే సంతకం చేసిన మాడ్యూళ్లు వస్తాయి. ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని నేరుగా నడపడం మాత్రం ఏ డిస్ట్రోలోనూ మంచిది కాదు. విండోస్ అలవాటుతో చాలామంది చేసే పని అది. ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా ఫైళ్లు మారిపోతాయి, తర్వాతి అప్‌డేట్‌లో రెండూ తన్నుకుంటాయి.

తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ సంగతి కూడా డ్రైవర్ ఎంపికతో ముడిపడిందే. దానికి ముందున్న పాత పద్ధతి ఎక్స్11. గ్నోమ్ 49 విడుదల నుంచి పాత ఎక్స్11 సెషన్ అప్రమేయంగా ఆపేసి వస్తోంది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు వేలాండ్ ఒక్కటే మిగిలింది. మరో డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ కూడా ప్లాస్మా 6.8 నుంచి అదే దారి పడతామని ప్రకటించింది. మెసా డ్రైవర్లన్నీ జీబీఎమ్ అనే పద్ధతిలో బఫర్లు పంచుకుంటుంటే, ఎన్విడియా ఏళ్లపాటు ఈజీఎల్‌స్ట్రీమ్స్ అనే సొంత పద్ధతి పట్టుకుని కూర్చుంది. 2021లో 495 డ్రైవర్‌తో జీబీఎమ్‌కు వచ్చింది. కిటికీలు మినుకుమినుకుమనడం, టైపు చేసిన అక్షరం వెనక్కీ ముందుకీ దూకడం లాంటి అవస్థలు మాత్రం 2024లో 555 డ్రైవర్ ఎక్స్‌ప్లిసిట్ సింక్ అనే సమన్వయ పద్ధతి తెచ్చేదాకా పూర్తిగా పోలేదు. జీటీఎక్స్ 600, 700 వరుసల్లోని కెప్లర్ కార్డులకు 470 వరుసే ఆఖరు. అందులో జీబీఎమ్ లేదు. అంటే ఆ కార్డులకు ఎన్విడియా డ్రైవర్‌తో కొత్త గ్నోమ్ డెస్క్‌టాప్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇంత చెప్పాక ఏఎమ్‌డీ కార్డు కొంటే కళ్లు మూసుకుని ఉండొచ్చా అంటే, అదీ లేదు. డ్రైవర్ కెర్నల్‌తో పాటే వస్తుంది కాబట్టి, కెర్నల్ పాతదైతే డ్రైవర్ కూడా పాతదే. 2023లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది కెర్నల్ 6.1, మెసా 22.3. 2025 మార్చిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 9070ని ఆ యంత్రంలో పెడితే అది కార్డును గుర్తుపట్టనే పట్టదు. మళ్లీ ఎల్‌ఎల్‌వీఎమ్‌పైపే గతి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో కెర్నల్ 6.12, మెసా 25.0 ఉన్నాయి. ఉబుంటు 24.04 మొదట కెర్నల్ 6.8తో వచ్చింది. 24.04.3 నాటికి దానికి 6.14 కెర్నల్ అందింది. ఒకే ఉబుంటు అనుకున్నదాంట్లోనే ఇంత తేడా ఉంటుంది. కార్డు విడుదలైన నెల కన్నా డిస్ట్రోలోని కెర్నల్, మెసా, ఫర్మ్‌వేర్ మూడూ కొత్తవై ఉంటే మంచిది. కొత్త తరం కార్డు వచ్చిన మొదటి నెలల్లో హ్యాంగులు, నల్లతెరలు సాధారణమే. ఆర్నెల్లు ఆగగలిగితే ఆ బాధలు చాలావరకు తీరిపోతాయి, తరచూ ధర కూడా దిగుతుంది.

టీవీకి కలిపేవాళ్లకు ఇంకో చిక్కుంది. హెచ్‌డీఎమ్‌ఐ 2.1ను తెరిచిన డ్రైవర్‌లో రాయడానికి ఏఎమ్‌డీ అనుమతి అడిగితే, 2024లో ఆ ప్రమాణాన్ని నిర్ణయించే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరమ్ కాదంది. కార్డు వైరింగులో ఆ సత్తా ఉన్నా డ్రైవర్ దాన్ని వాడలేని పరిస్థితి వచ్చింది. 4కే టీవీని 120 హెర్ట్‌జ్‌లో పూర్తి రంగులతో నడపాలనుకునేవారు ఏఎమ్‌డీ కార్డు కొనేముందు ఈ సంగతి ఆలోచించాలి. మానిటర్ అయితే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కొనుక్కుంటే సమస్యే లేదు. వీడియో విషయంలో ఫెడోరా వాడేవారు తెలుసుకోవాల్సింది మరొకటి. పేటెంట్ల భయంతో ఫెడోరా 2022 నుంచి తన మెసా ప్యాకేజీలో హెచ్.264, హెచ్‌ఈవీసీ హార్డ్‌వేర్ డీకోడింగ్ తీసేసింది. ఏఎమ్‌డీ కార్డు పెట్టి, వీడియో చూసేటప్పుడు సీపీయూ వేడెక్కుతోందంటే ముందు ఫెడోరాకు బయటి ప్యాకేజీల నిల్వ అయిన ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ నుంచి ఫ్రీవరల్డ్ ప్యాకేజీ వేసుకోవాలి. తక్కువ ధరకు దొరికే ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులకైతే వీడియో ఎన్‌కోడింగుకూ, ఏవీ1 అనే కొత్త ఫార్మాట్ వీడియోలకూ ఏ ప్యాకేజీ వేసినా లాభం లేదు. వాటి చిప్పులోనే వీడియో ఎన్‌కోడర్ లేదు, ఏవీ1 డీకోడర్ కూడా లేదు.

వీడియో పనికి చవకలో మంచి కార్డు కావాలంటే ఇంటెల్ ఆర్క్ వైపు చూడొచ్చు. 2022లో వచ్చిన ఏ380 లాంటి చిన్న కార్డులోనూ ఏవీ1 ఎన్‌కోడింగ్ ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన బీ580లో 12 జీబీ మెమరీ ఉంది, ఆ ధరకు అది ఎక్కువే. ఇంటెల్ డ్రైవర్లు కూడా కెర్నల్‌లోనూ మెసాలోనూ ఉన్నాయి. బీ వరుస కార్డులకు ఎక్స్‌ఈ అనే కొత్త డ్రైవర్ కావాలి కాబట్టి కెర్నల్ 6.12 లేదా ఆపైది ఉండాలి. పాత మదర్‌బోర్డుల్లో మాత్రం వీటిని పెట్టకూడదు. రీసైజబుల్ బార్ అనే సదుపాయం బయాస్‌లో లేకపోతే ఆర్క్ కార్డుల వేగం బాగా పడిపోతుంది.

ఎన్విడియా తప్ప వేరే దారి లేని చోటు ఒకటి మిగిలే ఉంది. అది క్యూడా ప్లాట్‌ఫారం. మెషిన్ లెర్నింగ్ చదువుతున్న విద్యార్థికి, ఎన్విడియా వారి ఆప్టిక్స్‌తో బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాములో రెండరింగ్ చేసుకునే కళాకారుడికి ఏఎమ్‌డీ కొనమని సలహా ఇవ్వడం అన్యాయం. కాలేజీ ల్యాబులో, పాఠంలో, దొరికే నమూనా కోడులో అంతా క్యూడానే ఉంటుంది. క్యూడాకు పోటీగా ఏఎమ్‌డీ తెచ్చిన రాక్‌ఎమ్ ముందుకు వెళుతోంది గానీ, ఏ కార్డుకు మద్దతు ఉందో ఆ జాబితా చూసుకోకుండా కొంటే కొంప మునుగుతుంది. ఇందాక పొగిడిన ఆర్‌ఎక్స్ 480 తరాన్నే రాక్‌ఎమ్ ఎప్పుడో వదిలేసింది. కెర్నల్, మెసాల్లో ఉన్న భరోసా ఆ పొర దాకా పాకలేదు.

మన దగ్గర లినక్స్ మొదలుపెట్టేవారిలో చాలామంది చేతిలో ఉండేది ల్యాప్‌టాప్. అందులోనూ ఇంజినీరింగ్ విద్యార్థులు కొనే గేమింగ్ ల్యాప్‌టాపుల్లో రెండేసి గ్రాఫిక్స్ చిప్పులు ఉంటాయి, ప్రాసెసర్‌లో ఇంటెల్‌దో ఏఎమ్‌డీదో ఒకటి, పక్కన ఎన్విడియాది ఒకటి. 2019లో వచ్చిన 435 డ్రైవర్ నుంచి, డెస్క్‌టాప్‌ను చిన్న చిప్పుతో నడుపుతూ బరువైన ప్రోగ్రామును మాత్రమే ఎన్విడియాకు అప్పగించే వీలు కలిగింది. ఉబుంటులో ఆన్ డిమాండ్ అని కనిపించేది ఇదే. ట్యూరింగ్, ఆపై చిప్పులైతే పని లేనప్పుడు పూర్తిగా నిద్రపోగలవు, బ్యాటరీ నిలుస్తుంది. అయితే చాలా మోడళ్లలో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు వైరు నేరుగా ఎన్విడియా చిప్పుకే వెళుతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరో రెండో మానిటరో తగిలిస్తే ఆ చిప్పు మేల్కొని కూర్చోవాల్సిందే. ఎన్విడియా డ్రైవర్ సరిగా లేకపోతే బయటి తెర వెలగనే వెలగదు. సెమినార్ రోజున ప్రొజెక్టర్ రాలేదంటే కేబుల్‌ను కాదు, డ్రైవర్‌ను అనుమానించాలి.

కోడు రాసుకోవడం, బ్రౌజింగ్, ఆఫీసు పని, సినిమాలు ఇంతే అవసరమైతే విడి కార్డు కొనకపోవడమే మంచి నిర్ణయం. రైజెన్ 5 8600జీ లాంటి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ ఈ పనులన్నిటికీ సరిపోయి మిగులుతుంది. విడి కార్డు పెట్టుకునేవారు సైతం గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌నే తీసుకోవాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి అది ఉండదు. కొద్దిపాటి డబ్బు మిగులుతుందని వాటిని కొంటే, కార్డు డ్రైవర్ చెడిన రోజున మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు మార్చి సరిచేసుకునే దారి మూసుకుపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలోనో, ఆన్‌లైన్‌లోనో పాత కార్డు చూస్తున్నవారికి అమ్మేవాళ్లు విండోస్‌లో ఆటలు నడిపి చూపిస్తారు. దాంతో కార్డు బతికే ఉందని మాత్రమే తెలుస్తుంది. కొత్త ఉబుంటునో ఫెడోరానో లైవ్ యూఎస్‌బీలో వేసుకెళ్లి, అక్కడే బూట్ చేయమని అడగాలి. సిస్టమ్ వివరాల్లో కార్డు పేరు కనిపించాలి, 4కే వీడియో ఆగకుండా నడవాలి, ఒకసారి స్లీప్‌లోకి పంపి లేపితే తెర తిరిగి రావాలి. ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులకు ఈ పరీక్ష దాదాపు పూర్తి సమాధానం ఇస్తుంది. ఎన్విడియా కార్డయితే ఆ లైవ్ సెషన్లో సాధారణంగా నడిచేది నువోనే కాబట్టి, దాని తరం పేరు కనుక్కుని ప్రస్తుత డ్రైవర్ జాబితాలో ఉందో లేదో ఫోన్‌లో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.